ఆకుసంపెంగ నుయ్యి

ప్రశ్నాపత్రంలో పదకొండో ప్రశ్న ఇది: “గత పదిహేను రోజుల్లో మీ నూతి నీళ్లలో అరటిపండు వాసన వచ్చిందా? అవును / కాదు.”

గవ్వలంకలో నలభై రెండు నూతులున్నాయి. ప్రతి పదిహేను రోజులకీ రూతు ఆ నలభై రెండు ఇళ్లకీ వెళ్లి, పద్నాలుగు ప్రశ్నలు అడిగి, కాగితాలు కాకినాడలోని ప్రయోగశాలకి పంపేది. ఆమెది ఆ ఊరే. ప్రయోగశాల వాళ్లు ఆమెకి ఒక సంచీ, కాగితాలు పెట్టుకుని రాసే అట్ట, రెండు పెన్నులు ఇచ్చారు.

గవ్వలంక గోదావరి పాయల మధ్య ఇసుక నేల మీద ఉన్న నర్సరీల ఊరు. పువ్వు పేరు, పండు పేరు తెలియనివాళ్లు అక్కడ లేరు. దాంతో పదకొండో ప్రశ్న దగ్గర రూతుకి మొదటి రోజే చిక్కొచ్చింది.

“ఏ అరటిపండమ్మా? చక్కెరకేళా, కర్పూరమా, అమృతపాణా?” అన్నాడు సలాది తాతారావు.

“అరటిపండు, అంతే బాబాయ్. రకాలు కాగితంలో లేవు.”

“కాగితం రాసినోళ్లు పండు తిన్నారా, బొమ్మ చూసి రాసేరా?”

“ఈసారి కనబడితే అడుగుతాను. అవునా కాదా చెప్పండి, ఇంకా ఇరవై ఇళ్లున్నాయి నాకు.”

“కాదు. రాసుకో.”

తాతారావు అంటుకట్టే పనివాడు. వయసు అరవై ఒకటి. పదిహేడో ఏట కత్తి పట్టాడు. ఆకు నలిపి వాసన చూసి మామిడి రకం చెబుతాడు. వాసనల విషయంలో ఊళ్లో తగువొస్తే అతని దగ్గరికి తెచ్చేవారు.

ఆ రోజుకి అతని జవాబు సరైనదే. ఏడో నెలలో అతను మళ్లీ “కాదు” అన్నాడు. అప్పుడూ అతను అబద్ధమాడలేదు.

“అరటిపండు కాదు గానీ రూతమ్మా, ఇలా రా. ఈ చేద ఓసారి వాసన చూడు.”

రూతు అప్పుడే తోడిన చేద మీదికి వంగింది. “ఆకుసంపెంగ,” అంది.

“కదా!”

నూతి గట్టుకి మూడడుగుల దూరంలో ఆకుసంపెంగ మొక్క ఉంది. మోకాలెత్తు. రూతు కొమ్మలు పక్కకి తీసి చూసింది. ఆకుసంపెంగ పువ్వు ఆకు రంగులో ఉంటుంది. కంటితో వెతికితే దొరకదు, ముక్కుతో వెతకాలి. ఆమె రెండు రకాలుగానూ వెతికింది. మొగ్గ కూడా లేదు.

“పూతకి ఇంకా ఏడాది పడుద్ది,” అన్నాడు తాతారావు. “వాసన మొక్కది కాదు. నీళ్లది.”

ఆమె ఏమంటుందా అని చూస్తున్నాడు.

అతని భార్య మంగాయమ్మ పోయి ఏడాదిన్నరయింది. ఆమె ఆకుసంపెంగ తప్ప మరో పువ్వు పెట్టుకునేది కాదు. ఆ పువ్వు ఎవరికీ కనిపించేదీ కాదు. జడ మడతలో దోపుకునేది. ఆమె పక్కనుంచి దాటి వెళ్లాక వాసన వచ్చేది. ఆమె పోయిన ఏడాదికి తాతారావు ఆ మొక్క అంటు కట్టి, ఆమె రోజూ నీళ్లు తోడిన చోట నాటాడు.

“పిన్ని,” అంది రూతు.

తాతారావు తల ఊపాడు. చేదలో నీళ్లు మొక్క మొదట్లో పోశాడు.

రూతు కొంగుతో కళ్లు తుడుచుకుంది. పదకొండో ప్రశ్నకి “కాదు” దగ్గర టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లింది.

*

కాకినాడ ప్రయోగశాలలో ఆ వాసనకి వేరే పేరుంది. సీసా మీది చీటీలో “అరటి-3” అని రాసి ఉంటుంది.

అక్కడి శాస్త్రవేత్త తాళ్ళూరి వసుంధర నూతి నీళ్ల మీద పని మొదలుపెట్టి ఆరేళ్లయింది. కుళాయి నీళ్లని పరీక్షించడానికి మనుషులున్నారు, తేదీలున్నాయి. ఇంటి నూతికి ఇంటివాళ్లే దిక్కు. పరీక్ష చేయించాలని వాళ్లకి గుర్తొచ్చేసరికి ఎవరో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు. అందుకని ఆమె ఒక నాచు తయారుచేసింది. దాన్ని నూతి ఒరల మీద, నీళ్లు తగిలే చోట బ్రష్షుతో పూస్తారు. ఒరని పట్టుకుని పెరుగుతుంది. నీళ్లని పాడుచేయదు, బాగుచేయదు. మరుగుదొడ్డి నుంచో ఎరువు నుంచో రాకూడనిది హద్దు దాటి నీళ్లలోకి వస్తే ఒక వాసన వదులుతుంది. ఎక్కువ వస్తే ఎక్కువ వదులుతుంది. ఊళ్లవాళ్లు దానికి కాపలా నాచు అని పేరు పెట్టారు.

మొదట వాసన కాదు, రంగు పెట్టారు. నూతిలోకి తొంగిచూసి నాచు రంగు గమనించే తీరిక ఎవరికీ లేదని ఆర్నెల్లకి తెలిసింది. తర్వాత కుళ్లు వాసన పెట్టారు. జనం నూతిలో ఎలుక చచ్చిందనుకుని బ్లీచింగ్ పౌడరు పోసి నాచుని చంపేశారు. నీళ్లకి ఎన్నడూ ఉండని వాసన, చెడ్డది కాని వాసన కావాలని అప్పుడు తేలింది.

మూడు నెలల పని తర్వాత వసుంధర ఒక సీసా మూత తీసి, ప్రయోగశాలలో ఇరవై మంది చేత వాసన చూపించింది. పంతొమ్మిది మంది అరటిపండు అన్నారు. ఇరవయ్యో మనిషి గదులు ఊడ్చే సూరమ్మ. ఆమె, “పువ్వు వాసనండి, పేరు నోటికి రావట్లేదు,” అంది. పట్టికలో ఆమె జవాబు “ఇతరములు” కింద చేరింది.

పదకొండు ఊళ్లలో, రెండు వందల పద్నాలుగు నూతుల్లో నాచు పూశారు. మిగిలిన ఊళ్ల నుంచి తొమ్మిది “అవును”లు వచ్చాయి. తొమ్మిదీ నిజమే. ఒకచోట మరుగుదొడ్డి గొయ్యి పగిలింది, ఒకచోట పేడకుప్ప నూతి మీదికి జరిగింది. గవ్వలంక నుంచి ఒక్కటీ రాలేదు. ఆ ఊరి కాగితాలు చూసి వసుంధర రెండుసార్లు సంతోషించింది.

*

తాతారావు కొడుకు వీరబాబు నర్సరీ లారీలకి మొక్కలెత్తిస్తాడు. కోడలి పేరు లోవకుమారి. వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. పేరు ఇంకా పెట్టలేదు గానీ ఇంట్లో అందరూ మంగ అనే పిలుస్తున్నారు. లోవకి పాలు చాలలేదు. డబ్బా పాలు కలిపి పట్టేది. దానికి ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు తెప్పించుకునేవారు.

నూతిలో ఆకుసంపెంగ వాసన మొదలయిన వారానికి తాతారావు కోడలితో అన్నాడు.

“ఇంక టిన్ను నీళ్లెందుకమ్మా? మీ అత్త నీళ్లుండగా.”

“ఆసుపత్రిలో టిన్ను నీళ్లే పట్టమన్నారండి మావయ్యా.”

“టిన్ను ఎక్కడ నింపేరో నీకు తెలుసా, నాకు తెలుసా? ఇది మన నుయ్యి. కాపలా నాచు కూడా ఉందాయె. అరటిపండు వాసన వచ్చిందా?”

“రాలేదండి.”

“మరింకేం!”

వీరబాబు అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. “బతికున్నప్పుడు అమ్మ దీన్ని చేద ముట్టుకోనిచ్చిందా? నీళ్లు ఒలకబోత్తావని కసిరేది. ఇప్పుడు చూడు, సెంటు కొట్టి మరీ పంపుతోంది కోడలికి,” అన్నాడు.

“నాక్కాదు, మనవరాలికి,” అంది లోవ.

టిన్నులు మానేశారు. లోవ మాత్రం నీళ్లు కాచకుండా పాలు కలపలేదు. ఇరవై నిమిషాలు మరగనిచ్చేది. మరిగేటప్పుడు వంటింట్లో ఆకుసంపెంగ వాసన నిండి, కాసేపటికి పోయేది. గిన్నెలో నీళ్లకి వాసన ఉండేది కాదు. అత్తగారిని తనే పంపించేస్తున్నట్టు ఆమెకి అనిపించేది. అయినా కాచేది.

ఎరువు నుంచి నీళ్లలోకి దిగే నైట్రేటు మరిగిస్తే పోదు. నీళ్లు తగ్గేకొద్దీ చిక్కబడుతుంది. ఈ మాట లోవకి ఎవరూ చెప్పలేదు. పద్నాలుగు ప్రశ్నల్లో అది లేదు.

తాతారావు ప్రతి ఆదివారం మొక్కకి గుప్పెడు యూరియా నీళ్లలో కలిపి పోసేవాడు. పదిహేను రోజులకోసారి పిండిచెక్క వేసేవాడు. పూత ఏడాదికి కాక ఆర్నెల్లకే రావాలని అతని ఆశ. వాసన మొదలయ్యాక గుప్పెడుని రెండు గుప్పెళ్లు చేశాడు. మరుసటి వారం వాసన పెరిగింది. అది తను చేసినదానికి జవాబనుకున్నాడు. మళ్లీ వేశాడు. ఇసుక నేలలో ఎరువు నిలవదని, అందుకే ఎక్కువ వేయాలని అతనికి తెలుసు. నిలవని ఎరువు ఎటు పోతుందో ఆలోచించే అవసరం అతనికి నలభై నాలుగేళ్లలో రాలేదు.

పొద్దున్నే మొదటి చేద అతనే తోడేవాడు. గట్టు మీద పెట్టుకుని కాసేపు దాని దగ్గర కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లు ఆ సమయంలో నూతి దగ్గరికి వెళ్లేవారు కాదు.

*

పిల్లకి నాలుగో నెల వచ్చిన పది రోజులకి, ఒక బుధవారం పొద్దున లోవ దానికి నీళ్లు పోయబోయి ఆగింది. పిల్ల పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్లు కూడా అదే రంగు. ఏడవలేదు. గిల్లినా ఏడవలేదు.

వీరబాబు బండి మీద రాజమండ్రి ఆసుపత్రికి నలభై నిమిషాల్లో చేరారు.

డాక్టరు పిల్ల వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి అద్దుడు కాగితం మీద వేసింది. బెల్లం పాకం రంగులో ఉంది. కాగితం గాలికి అటూ ఇటూ ఊపింది. ఎర్రబడలేదు.

“పాలు ఏ నీళ్లతో కలుపుతున్నారు?”

“మా నూతి నీళ్లేనండి. కాచే పోత్తన్నానండి,” అంది లోవ.

“ఎంతసేపు కాస్తున్నావు?”

“ఇరవై నిమిషాలండి.”

డాక్టరు కాగితం పక్కన పెట్టింది. “నువ్వు చేసింది తప్పు కాదు,” అని, నర్సుని పిలిచి మందు పేరు చెప్పింది.

ఆ మందు నీలంగా ఉంది. సిరంజిలో దాన్ని చూసి వీరబాబు, “ఇప్పటికే నీలంగా ఉందండి పిల్ల,” అన్నాడు. మందు ఎక్కించిన అరగంటకి పిల్ల చెవులకి రంగొచ్చింది. తర్వాత పెదాలకి. తర్వాత ఏడ్చింది. లోవ గోడకి ఆనుకుని కింద కూర్చుంది.

తాతారావు బస్సులో వచ్చేసరికి పదకొండయింది. చేతిలో రెండు లీటర్ల సీసా ఉంది. వరండాలో డాక్టరు ఎదురైతే సీసా చూపించాడు.

“పిల్లకండి. ఇక్కడి నీళ్లు పడవేమోనని మా నూతి నీళ్లే తెచ్చేను. ఆళ్ల నాయనమ్మ నీళ్లు.”

డాక్టరు సీసా తీసుకుంది. మూత తీసి వాసన చూసింది. “ఇది నా దగ్గర ఉండనివ్వండి,” అని లోపలికి తీసుకెళ్లింది. తిరిగి ఇవ్వలేదు.

తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకి నలభై ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే పసిపిల్లల రక్తం ఊపిరిని మోయలేక రంగు మారుతుంది. ఆ సీసాలో నూట తొంభై రెండు ఉంది.

మర్నాడు పొద్దున పిల్ల తడిపిన గుడ్డలు నీలంగా ఉన్నాయి. మందు అలా బయటికి పోతుందని నర్సు చెప్పింది. వీరబాబు గుడ్డ ఎత్తి చూసి, “సిరా తాగిందే ఇది. చదువుకుంటది,” అన్నాడు. లోవ నవ్వింది. తాతారావు వరండాలోనే ఉన్నాడు. లోపలికి రాలేదు.

*

వసుంధరకి ఫోను చేసింది రూతు. నూట తొంభై రెండు అన్న అంకె విని వసుంధర గవ్వలంక కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. సలాది తాతారావు ఇంటివి పద్దెనిమిది. పదకొండో ప్రశ్న ఎదురుగా పద్దెనిమిది “కాదు”లు. నాచు చచ్చిపోయి ఉంటుందనుకుంది. మధ్యాహ్నానికి గవ్వలంక చేరింది.

నూతి గట్టు మీద నిలబడి తనే ఒక చేద తోడింది. వంగక్కర్లేకుండానే వాసన వచ్చింది.

“అరటి,” అంది.

“ఆకుసంపెంగండి,” అంది పక్కనున్న రూతు.

“ఎప్పటి నుంచి ఉంది ఇది?”

“మూడు నెలల పైనండి.”

“మూడు నెలలా! మరి నువ్వు కాదని ఎందుకు రాశావు?”

“మీరు అరటిపండు అన్నారు కదండీ,” అంది రూతు. “ఇది అరటిపండా? ఈ ఊళ్లో ఎవర్నన్నా పిలిచి అడగండి మేడమ్. నేను రాసింది తప్పయితే నా సంచీ తీసేసుకోండి.”

వసుంధర చేద గట్టు మీద పెట్టింది. సూరమ్మ గుర్తొచ్చింది. పువ్వు వాసనండి, పేరు నోటికి రావట్లేదు.

“నువ్వు సరిగ్గానే రాశావు,” అంది చివరికి. “మిగిలిన ఇళ్లకి ఇప్పుడే వెళ్దాం. అరటిపండు అనొద్దు. ఆకుసంపెంగ అని అడుగు.”

ఆ సాయంత్రానికి మరో ఆరు నూతులు తేలాయి. ఒకామె, “మీరు అడగలేదని చెప్పలేదమ్మా, మా చుట్టం పూజలో పెట్టుకుంటానంటే ఓ బిందె పంపేను కూడా,” అంది. రూతు ఆ చుట్టం ఊరి పేరు రాసుకుంది.

తాతారావు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పొద్దువాలుతోంది. వసుంధర నూతి దగ్గర ఆకుసంపెంగ మొక్క ముందు కూర్చుని ఉంది.

“దీనికి ఏం వేస్తున్నారండీ?”

పని గురించి అడిగితే తాతారావుకి చెప్పడం ఇష్టం. అంటు ఎలా కట్టాడో చెప్పాడు. పిండిచెక్క ఎంతో, ఎన్నాళ్లకో చెప్పాడు. యూరియా మొదట గుప్పెడు, తర్వాత రెండు గుప్పెళ్లు, వాసన పెరిగాక అని చెబుతూ ఆగాడు. మొక్క వంక చూశాడు. మొక్కకీ గట్టుకీ మధ్య నేల వంక చూశాడు.

“ఇసక,” అన్నాడు.

వసుంధర తల ఊపింది.

“అంటే నేనేసిందేనా, పిల్ల తాగింది?”

ఆమె కాదనలేదు. “హెచ్చరిక మీకు అందేటట్టు చెప్పాల్సింది నేను. ప్రశ్న తప్పు రాశాను. రిపోర్టులో కూడా అదే రాస్తాను,” అంది.

“వాసన?”

“నాచుదండి.”

“మంగది కాదు.”

“కాదండి.”

తాతారావు గట్టు మీద కూర్చున్నాడు. తువ్వాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు.

“వాసన ఉంటే నీళ్లు చెడ్డవి.”

“అవునండి.”

“పోతే మంచివి.”

“అవునండి. మొక్క తీసేసి, చుట్టూ మట్టి మార్చి, రోజూ తోడి దూరంగా పారబోస్తే నాలుగైదు నెలల్లో పోతుంది. కొంచెం కొంచెంగా తగ్గుతుంది.”

“కొంచెం కొంచెంగా,” అన్నాడు తాతారావు. లేచి కొట్లోకి వెళ్లి గునపం, పార తెచ్చాడు. వేళ్లకి మట్టి ముద్ద విడిపోకుండా మొక్కని లేపడానికి అతనికి పావుగంట పట్టింది. దాన్ని దొడ్డి చివరికి మోసుకెళ్లి నాటాడు. తిరిగొచ్చి గొయ్యి చుట్టూ ఇసక తవ్వి తట్టలకెత్తడం మొదలుపెట్టాడు. వసుంధర ఒక తట్ట ఎత్తబోతే, “మీకు అలవాటుండదు, ఉండండి,” అన్నాడు. ఆమె వినలేదు.

వెళ్లేముందు ఆమె ఒక మాట చెప్పింది. “మీకు కష్టంగా ఉంటే ఈ నాచు గీకించేసి వేరే వాసన ఉన్నది పూయిస్తాను. ల్యాబులో ఇంకో ఆరు రకాలున్నాయి.”

“రేపు చెబుతాను,” అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి అతను గిలక తాడు మారుస్తున్నాడు. ముడి వేసి, లాగి చూసుకుని, అప్పుడు మాట్లాడాడు.

“మాయావిడ నన్ను ఊరికే పిలిచేది కాదండి మేడమ్ గారూ. ఏ గొడవా లేకపోతే తనే వచ్చి పక్కన కూచునేది. ఈ గట్టు మీంచి ‘ఏవండోయ్’ అని కేకేసిందంటే చేద జారినట్టో, పాము కనబడినట్టో, వీరబాబు చెట్టెక్కినట్టో. మంచి కబురుకి ఏవండోయ్ లేదు. నలభై ఏళ్లు విన్నాను. ఇప్పుడు మూడు నెలల పాటు వినబడింది. కబుర్లకి పిలుస్తోందనుకున్నాను.”

అతను తాడుని గిలక మీదికి ఎక్కించాడు.

“ఇంకో వాసన పెడితే అది ఎవరి కేకో. నేను తల తిప్పుతానో తిప్పనో. దీనికైతే తిప్పుతాను. దీన్నే ఉండనియ్యండి.”

*

రోజూ అరవై చేదలు తోడాలని లెక్క కట్టారు. ముప్ఫై తాతారావు, ముప్ఫై వీరబాబు. నీళ్లు బొప్పాయి మడికి పారించారు. పిల్లకీ ఇంట్లోవాళ్లకీ టిన్ను నీళ్లు వచ్చాయి. వసుంధర పదిహేను రోజులకోసారి వచ్చి సీసా నింపుకుని వెళ్లేది. నూట తొంభై రెండు నూట యాభై అయింది. తర్వాత నూట పన్నెండు. ఎనభై ఏడు.

అంకె తగ్గినప్పుడల్లా వాసన తగ్గింది. మూడో నెలకి వీరబాబుకి వాసన తెలియడం మానేసింది. తర్వాత లోవకి. తర్వాత రూతుకి. తాతారావుకి ఇంకా తెలిసేది. పొద్దున్నే చేదలో ముఖం పెట్టి, తలెత్తి, “ఉంది,” అనేవాడు. ఆ మాట విని లోవ టిన్ను నీళ్లతో పాలు కలిపేది.

ఒకరోజు వసుంధర సీసా నింపుకుంటుంటే అతను అడిగాడు.

“ఎంతేస్తే వస్తదండీ?”

ఆమెకి అర్థం కాలేదు. అతను కొట్టు వైపు చూపించాడు. తలుపు సందులోంచి యూరియా బస్తా కనబడుతోంది. మూతి తాడుతో కట్టి ఉంది.

“పోయినాదివారం గుప్పెట్లోకి తీశానండి. గట్టు దాకా వచ్చేను. పిల్లెలాగూ టిన్ను నీళ్లే తాగుతోంది కదా అనిపించింది. ఒక్క గుప్పెడుకి ఒక్క రోజన్నా ఆ వాసన వస్తదేమోనని.”

వసుంధరకి లెక్క తెలుసు. నూతి వెడల్పు, నీటి లోతు, గుప్పెడు బరువు తెలిస్తే చాలు. ఆ మూడూ ఆమె పుస్తకంలో ఉన్నాయి.

“వద్దులెండి, చెప్పకండి,” అన్నాడు తాతారావు. “తిరిగెళ్లి బస్తాలో పోసేశాను. వీరబాబుని ఆ బస్తా నర్సరీకి తీసుకుపొమ్మన్నాను. ఇవాళ రేపు అంటన్నాడు. మీరో మాట చెబితే తీసుకెళ్తాడు.”

ఆమె చెప్పింది. వీరబాబు ఆ పూటే బస్తా బండి మీద వేసుకుని వెళ్లాడు.

వసుంధర కొత్త ప్రశ్నాపత్రం తయారుచేసింది. అచ్చుకి పంపే ముందు రూతుకి చూపించింది. పదకొండో ప్రశ్న ఇలా ఉంది: “నిన్న లేని వాసన ఇవాళ మీ నూతి నీళ్లలో ఏదైనా ఉందా? ఉంటే, అది మీకు దేన్ని గుర్తుచేస్తోంది?”

రూతు పెన్ను తీసి “దేన్ని” కొట్టేసి “దేన్ని, ఎవరిని” అని రాసింది. అచ్చులో అలాగే వచ్చింది. కింద ఇంకో వాక్యం చేరింది: “వాసన ఉంటే ఆ నీళ్లు తాగవద్దు. మరిగించి కూడా తాగవద్దు.”

ఐదో నెల చివర్లో అంకె ముప్ఫై ఎనిమిది వచ్చింది. నలభై ఐదు లోపల. మరో రెండు వారాలాగి మళ్లీ పరీక్షించారు. ముప్ఫై ఒకటి. వసుంధర ఫోనులో, “నీళ్లు తాగొచ్చు, పిల్లకి కూడా పట్టొచ్చు,” అంది. లోవ, “మావయ్య చూశాక పడతానండి,” అంది.

మర్నాడు పొద్దున రూతు కొత్త కాగితాలతో వచ్చేసరికి తాతారావు, వీరబాబు, లోవ నూతి దగ్గరున్నారు. పిల్ల లోవ చంకలో ఉంది. తొమ్మిదో నెల. రెండు పళ్లొచ్చాయి. గిలక చప్పుడికి తల తిప్పి చూస్తోంది.

తాతారావు చేద తోడి గట్టు మీద పెట్టాడు. వంగాడు. ముక్కు నీళ్లకి తగిలేంత వంగాడు. అలాగే ఉండిపోయాడు. గిలక మీంచి ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది.

“ఏంటండి మావయ్యా, ఉందా?” అంది లోవ.

అతను ఇంకాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తలెత్తాడు. ముక్కు చివర తడి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

రూతు అట్ట తీసి పదకొండో ప్రశ్న చదివింది. నిన్న లేని వాసన. దేన్ని, ఎవరిని.

“ఇవాళ పిలవలేదమ్మా,” అన్నాడు తాతారావు. “రాసుకో.”

చేద కోడలి వైపు జరిపాడు. లోవ వెండి గిన్నె ముంచింది.